బలవంతపు మడత

శాలిబండ ఎత్తు ఎక్కగానే ఎడమచేతి వైపు ఒక పాత దేవిడీ, నవాబుల నాటి పెద్ద భవంతి, ఉండేది. కింద రెండు జరీ దుకాణాలు, ఒక గడియారాల రిపేరు షాపు. మేడ మీద వెంకటనారాయణ గారి కంప్యూటర్ సెంటర్. ఎనభై ఎనిమిదిలో పాతబస్తీలో కంప్యూటర్ అంటే వింతే కదా. కింద గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఒకసారి మెట్లెక్కి, చెప్పులు విప్పి, తొంగిచూసి పోయేవాళ్లు. చెప్పులు విప్పకపోతే వెంకటనారాయణ గారు ఊరుకునేవారు కాదు. ఆయన ఇంట్లో దేవుడి గదికైనా అంత మడి లేదు.

మిషను ఉండేది లోపలి గదిలో. నవాబుల కాలంలో అది సామాన్ల కొట్టు. మూరెడు మందం సున్నపు గోడలు. కిటికీ లేదు, గోడకు కన్నం పెట్టి బిగించిన ఏసీ ఒకటే దిక్కు. ఆ గదికి పగలూ రాత్రీ ఒకటే. గుమ్మం మాత్రం పొట్టిది. మిగతావాళ్లు మామూలుగానే పోయేవాళ్లు గానీ, ఆపరేటర్ ప్రహ్లాద్‌కు తల వంచక తప్పేది కాదు. తాటిచెట్టంత మనిషి. రోజుకు ఒక్కసారైనా మరిచిపోయి ఠపీమని నెత్తి కొట్టుకునేవాడు. అతని తలనూనె అంటీ అంటీ గుమ్మం పైకమ్మీకి అరచేతి మేర నల్లటి జిడ్డు మరక పడింది.

"చార్మినార్‌కు అయిదో మీనార్ మా ప్రహ్లాద్ భాయ్," అని వహీద్ ఎగతాళి చేసేవాడు. వహీద్ రెండో ఆపరేటర్. మూడో మనిషి జాహెదా ఉండేది, మొన్నమొన్నటి దాకా.

జాహెదా యాకుత్‌పురా పిల్ల. టైపు నేర్చుకుని తమ్ముళ్లను చదివించుకుంటానని వచ్చింది. ఎప్పుడు చూసినా సోంపు నములుతూ ఉండేది. ఆమె మెట్లెక్కి వచ్చిందని వాసనే చెప్పేది. నేర్పింది ప్రహ్లాదే. చెయ్యి తిరగడానికి ఇంగ్లీషులో ఒక వాక్యం ఇచ్చాడు: నా పేరు జాహెదా, మా ఇల్లు యాకుత్‌పురా. ఆ పిల్ల తన పేరుతోనే ఒక ఫైలు పెట్టుకుని, పని లేనప్పుడల్లా అదే వాక్యం కొట్టింది. వేలసార్లు కొట్టింది. వానలు మొదలయ్యేవేళకు కామెర్లు తగిలాయి. ఆకుపసరు అన్నారు, తాయెత్తు అన్నారు, ఆస్పత్రికి తీసుకుపోయేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

ఆమె పోయాక కూడా ఆ ఫైలు డిస్కులో అలాగే ఉంది. చెరపడానికి ఎవరికీ చెయ్యాడలేదు.

ఆ రోజుల్లో డిస్కులో చోటంటే బంగారం. ఒక ఫ్యాక్టరీ వాళ్ల ప్రావిడెంట్ ఫండ్ పని కొత్తగా వచ్చి డిస్కంతా నిండిపోయింది. పాత ఫైళ్లన్నీ కుదించి పెట్టమన్నారు వెంకటనారాయణ గారు. దానికి కంప్రెస్ అని ఒక కమాండు ఉంది. నల్లటి తెర మీద ఆ మాట కొట్టి, పక్కన ఫైలు పేరు కొడితే చాలు. వచ్చిన మాటే మళ్లీ మళ్లీ వచ్చిన చోటల్లా చిన్న గుర్తు పెట్టుకుంటూ పోయి, ఫైలును సగానికో పావుకో మడిచేస్తుంది. అసలు ఫైలు మాయమై, జెడ్ అనే తోక తగిలించుకున్న మడత ఫైలు మిగులుతుంది. మళ్లీ కావాలంటే అన్‌కంప్రెస్ కొట్టాలి. మడత విప్పుకుని ఎప్పటిలా లేచి కూర్చుంటుంది.

ఎంత శాతం తగ్గిందో కూడా తెర మీద చూపిస్తుంది. కొంప ముంచింది అదే. ప్రహ్లాద్‌కూ వహీద్‌కూ అదొక పందెమైపోయింది. ఎవరి ఫైలు తక్కువ తగ్గితే వాళ్లు ఆ పూట ఇరానీ చాయ్ తాగించాలి.

ఒక సోమవారం వహీద్ పైచేయిగా ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ప్రహ్లాద్‌కు. ఒకే వాక్యం వేలసార్లున్న ఫైలుకన్నా బాగా మడతపడేది ఇంకేముంటుంది?

"అరే, ఆ పిల్లది ఒద్దు భాయ్," అన్నాడు వహీద్.

"చెరుపుతున్ననా ఏంది? మడతపెడుతున్న, అంతే గదా."

కొట్టాడు. నూటికి తొంభై పైన తగ్గింది. పందెం గెలిచాడు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. కానీ గెలుపు రుచి మరిగిన చెయ్యి ఊరుకుంటుందా? పేరు చివర ఉన్న తోక పీకేసి, మామూలు ఫైలని మిషను కళ్లుగప్పి, మళ్లీ మడిచాడు. ఇంకా తగ్గింది. మళ్లీ అదే కమాండు ఇచ్చాడు. ఇక తగ్గదని, ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేశానని మిషను చెప్పింది. మడిచిందాన్ని మడవడానికి ఏముంటుంది మరి? అయితే ఆ కమాండుకు ఒక బలవంతపు అక్షరం ఉంది. అది పక్కన కొడితే మిషను వద్దన్న పని కూడా చేసి తీరుతుంది. ప్రహ్లాద్ అదీ కొట్టాడు. అలా చేస్తే ఫైలు కాస్త పెరగాలి నిజానికి. ఇది మాత్రం తగ్గింది.

"చూసినవా, నా చెయ్యి గుణం!" అన్నాడు ప్రహ్లాద్. వహీద్ నవ్వలేదు. చాయ్ వచ్చేదాకా తోక పీకడం, బలవంతంగా మడవడం, మళ్లీ పీకడం. ఎన్ని మడతలు పడ్డాయో పేరులో జాడ లేదు, అతనికీ గుర్తు లేదు. అంత పెద్ద ఫైలు చివరికి చిటికెడు మిగిలింది. ఆ సాయంత్రం ఏసీలోంచి తడిమట్టి వాసన కొట్టింది. వానాకాలం కదా అనుకున్నారు.

ఆ వారంలోనే శుక్రవారం మధ్యాహ్నం వహీద్ నమాజుకు పోయాడు. వెంకటనారాయణ గారు ఆబిడ్స్‌లో పనుందని వెళ్లారు. బయట ముసురు. సెంటర్లో ప్రహ్లాద్ ఒక్కడే ఉన్నాడు. మెట్ల మీద నెమ్మదిగా అడుగుల చప్పుడైంది. వచ్చింది జాహెదా తల్లి సురయ్యా. తడిసిన బురఖా, చేతిలో తస్బీ జపమాల. చెప్పులు విప్పి వరండాలోనే నిలబడింది.

"లోపలికి రాండ్రి ఖాలమ్మా. కూసోండ్రి."

ఆమె కూర్చోలేదు. "ఎల్లుండి నా బిడ్డ చెహ్లుం బేటా. నలభై దినాలైతయి."

"ఎర్కనే. వహీద్ చెప్పిండు. నేనొస్త."

"గా మాట చెప్పనీకి రాలె." గొంతు తగ్గించింది. "కబర్ల మన్ను అందర్నీ ఒక్కసారి ఒత్తుతది. మంచోళ్లనైతే తల్లి ఒళ్లోకి తీసుకున్నట్టు ఒత్తి ఇడుస్తదని పెద్దలు చెప్తరు. నా బిడ్డను సుత ఇడిసింది. మొదట్ల కల్లోకి నవ్వుకుంట వచ్చేది. ఈ సోమారం సంది..."

"సోమారం సంది?"

"తంగ్ హోరా అమ్మీ, అంటది. ఇరుకున్నది, ఊపిరాడుతలేదు అని. మోకాళ్లు గదుమకు ఆనినయి. దినాం ఇంత చిన్నగైతుంది. నిన్న రాత్రి నా గుప్పిట్ల పట్టేటంత ఉండె బేటా." తస్బీ పూసలు ఆమె వేళ్ల మధ్య ఆగిపోయాయి. "ఎవరు చేసిండ్రు బిడ్డా అని అడిగిన. ప్రహ్లాద్ భయ్యా మడతపెట్టిండు, ఆయన్నే ఇప్పుమను, అన్నది."

ప్రహ్లాద్ లోపలి గది గుమ్మం వైపు చూశాడు.

"నాకు మీ మిషన్లు ఎర్క లేదు," అంది సురయ్యా. "నిన్నేం అంటలేను. చెహ్లుం నాటికి రూహ్, గదే ఆత్మ, తన తొవ్వన తాను పోవాలె. గన్ని మడతల నడుమ ఉంటే ఎట్ల పోతది? నీ చేతుల ఉంటే ఇప్పు బేటా. నీకు దండం పెడ్త."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. ప్రహ్లాద్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఒక కప్పు చాయ్ కోసం చేసిన పని అది. ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, తల వంచి గుమ్మం దాటి మిషను ముందు కూర్చున్నాడు.

మడత లేని ఫైలును విప్పమంటే, ఇది మడతపెట్టింది కాదని మిషనే చెబుతుంది. ఆ మాట వచ్చేదాకా విప్పుతూ పోవాలి. దారి అదొక్కటే.

తోక తగిలించాడు. అన్‌కంప్రెస్ కొట్టాడు. డిస్కు గిర్రుమంది. ఒక మడత వీడింది.

మళ్లీ తగిలించాడు. మళ్లీ విప్పాడు.

బయట తస్బీ పూసలు ఒక్కొక్కటీ జరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఏసీ గాలిలో తడిమట్టి వాసన మొదలైంది. మొన్నటికన్నా చిక్కగా ఉంది. అప్పుడే తవ్విన మన్ను వాసన.

ఇంకో మడత వీడింది. డిస్కు పెట్టె వెనకాల ఎవరో దీర్ఘంగా ఊపిరి పీల్చారు.

ప్రహ్లాద్ తిరిగి చూశాడు. గోడ. గోడ మీద చెమ్మ. అంతే. ఏసీ చప్పుడే అయుంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. వేళ్లు మీటల మీద ఆగడం లేదు. తగిలించడం, విప్పడం... తగిలించడం, విప్పడం... ప్రతి మడతకూ ఆ ఊపిరి కాస్త లోతుగా, కాస్త దగ్గరగా. తన ఊపిరి మాత్రం సగమే అందుతోంది. కుర్చీ చేతులు రెండువైపులా పక్కటెముకలకు ఆనుతున్నాయి. ఈ కుర్చీ ఇంత ఇరుకుగా ఎప్పుడుంది?

మట్టి వాసనలో సోంపు వాసన కలిసింది.

చివరికి ఫైలు తెరిచి చూశాడు. తెర నిండా అక్షరాలు పారాయి. నా పేరు జాహెదా, మా ఇల్లు యాకుత్‌పురా. నా పేరు జాహెదా, మా ఇల్లు యాకుత్‌పురా. ఒక్క అక్షరం పోలేదు. ప్రహ్లాద్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాడు పైకే.

అక్కడ లేచిపోవలసింది. కానీ మడత కాదన్న మాట మిషను ఇంకా చెప్పలేదు. ఎక్కడో ఒక మడత మిగిలిపోతే? ఆ తల్లికి ఏం మొహం చూపిస్తాడు? ఊరటగా ఉంటుందని ఇంకొక్కసారి తోక తగిలించి, అన్‌కంప్రెస్ కొట్టాడు.

కాదు అని వెంటనే రావాలి.

రాలేదు.

తెర మీద కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది. డిస్కు తిరుగుతూనే ఉంది. బయట తస్బీ చప్పుడు ఆగింది. ఏసీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో... సరిగ్గా అతని మెడ వెనక... వెచ్చగా సోంపు వాసన.

"బస్, భయ్యా..."

చిన్న గొంతు. కోపం లేదు అందులో. జాలిపడ్డట్టు ఉంది.

తెర మీద ఒక వరస పడింది. విప్పినప్పుడు వచ్చే వరస కాదు. మడిచినప్పుడు వచ్చేది. ముందు ఫైలు పేరు, పక్కన ఎంత తగ్గిందో శాతం. శాతం దగ్గర అంకె ఇంకా పడలేదు, ఖాళీగా ఉంది. పేరు మాత్రం ప్రహ్లాద్.

అతని పేరుతో ఆ డిస్కులో ఫైలంటూ ఏదీ లేదు.

కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ప్రహ్లాద్ కుర్చీ తన్నేసి, గోడ తడుముకుంటూ ఒక్క పరుగున గుమ్మం దాటి వరండాలో పడ్డాడు. సురయ్యా బెంచీ మీద అలాగే కూర్చుని ఉంది.

"ఇప్పినవా బేటా?"

"ఇప్పిన ఖాలమ్మా. అంతా ఇప్పిన."

ఆమె అతని తల నిమిరి, దువా చేసి, వానలోనే వెళ్లిపోయింది. కరెంటు వచ్చాక, వహీద్‌ను పక్కన పెట్టుకుని ప్రహ్లాద్ డిస్కంతా వెతికాడు. జాహెదా ఫైలు నిక్షేపంగా ఉంది. ప్రహ్లాద్ అన్న పేరే ఎక్కడా లేదు. భయంలో కళ్లు చెదిరాయని సరిపెట్టుకున్నాడు.

ఆదివారం యాకుత్‌పురాలో చెహ్లుం. ఫాతిహా చదవడం అయ్యాక బగారన్నం, దాల్చా పెట్టారు. సురయ్యా స్వయంగా వచ్చి అతని పళ్లెంలో ఇంకో గరిటె వేసింది. మొహం తేటపడింది.

"కల్లోకి వచ్చింది బేటా. నిలువున నిలబడ్డది. చేతులు బార్లా చాపి చూపెట్టింది. చోటు మస్తున్నదట."

ప్రహ్లాద్‌కు గుండెల మీంచి బండ దిగింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

"ఒక్కటే ఫికర్ పడ్డది," అంది ఆమె నీళ్ల గ్లాసు అందిస్తూ. "గింత చోటు ఎవరిది అమ్మీ, అని అడిగింది. నేనేం చెప్త?"

సోమవారం పొద్దున ప్రహ్లాద్ మామూలుగానే మెట్లెక్కాడు, చెప్పులు విప్పాడు, లోపలి గదిలోకి వచ్చి మిషను ఆన్ చేశాడు. వహీద్ అతన్నే వింతగా చూస్తున్నాడు.

"ఏంది భాయ్? ఇయ్యాల నెత్తి కొట్టుకోలే. తలకాయ గూడ వంచలే."

ప్రహ్లాద్ వెనక్కి వెళ్లి గుమ్మం కింద నిటారుగా నిలబడ్డాడు. వహీద్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆ జిడ్డు మరక అతని నెత్తికి నాలుగు వేళ్ల పైన ఉంది.

సాయంత్రం ఇంటికి పోతూ ప్రహ్లాద్ మళ్లీ అక్కడ నిలబడి చెయ్యి పైకి చాపి చూసుకున్నాడు. నెత్తికీ మరకకూ మధ్య ఇప్పుడు జానెడు.

పోయిన సోమవారం చాయ్ వచ్చేలోగా తాను ఎన్నిసార్లు మడిచాడో గుర్తు తెచ్చుకుందామని, చీకటి పడేదాకా ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు. గుర్తు రాలేదు.