పొయ్యి పక్కన పళ్లెం

ఫోటోలో ఇల్లు లేదు. మిగిలిన ఒక్క గోడకి చిన్నపిల్ల గౌను వేలాడుతోంది.

"ఈ నెలలో ఇది రెండోది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా. ఆదివారం రైల్వే వంతెన పేల్చాలని ప్లాన్. దానికి తుపాకిమందు ఇళ్లల్లో చేయిస్తున్నారు. పేలితే చేసేవాడి ఇల్లు పోతుంది. వాళ్లు మూడు వీధుల అవతల కాఫీ తాగుతూ కూర్చుంటారు."

ఏజెంట్ నైన్ ఫోటో బోర్లించాడు. హత్యలు చాలా చూశాడు. ఇంత నీచం చూడలేదు.

మూడో ఇంటి ఆచూకీ 'శాటిన్' పట్టుకొచ్చింది. ముఠా నాయకుడి పక్కన మెరిసిపోతూ తిరిగే ఆమె అసలు పనిచేసేది చీఫ్‌కే. ఉదయం పది గంటలకి ఆమె ఆ ఇంటి మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"టైమెంత?"

"నా వాచీ ఆగిపోయింది," అన్నాడు నైన్. కోడ్ సరిపోయింది.

"రెండో అంతస్తు. వాచీల మెకానిక్, వాళ్లమ్మ. ఈ పట్టుబట్టలతో నేను పైకి రాను. రాపిడికి చిన్న నిప్పురవ్వ చాలు. నీ సామాను కూడా ఇక్కడే పెట్టు."

పిస్తోలు, వైర్‌లెస్, లైటర్ కెమెరా, మేకుల బూట్లు అన్నీ ఆమె హ్యాండ్‌బ్యాగులోకి పోయాయి. గ్యాస్ రిపేరువాడి నూలు చొక్కాతో, ఉత్త కాళ్లతో నైన్ మెట్లెక్కాడు.

పెద్దావిడ తలుపు తీసింది. "గ్యాస్ చెకింగ్, అమ్మా."

"రా నాయనా. నీళ్లు కాచబోతున్నా," అంటూ వంటగదిలోకి వెళ్లిపోయింది.

ముందు గదిలో మెకానిక్ కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

"అంతా తెలుసు. సరుకెక్కడ?" అన్నాడు నైన్ మెల్లగా.

మెకానిక్ తలతో బయటికి చూపించాడు. "బాల్కనీలో, నీడలో ఆరబెట్టా. భయపడకండి, నాది చేయి తిరిగిన పని."

ఆ చేతిని చూసి నైన్‌కి వెగటు పుట్టింది. బాల్కనీలోకి తొంగిచూశాడు. పళ్లెం లేదు.

మెకానిక్ ముఖం పాలిపోయింది. "అమ్మా, ఇక్కడ పళ్లెం?"

"పొయ్యి పక్కన పెట్టాను. వాచీల పాలిష్ అన్నావుగా, తడిగా ఉంటే పాడవదూ?"

ఆ ఇంట్లో చెమ్మగిల్లిన ఉప్పయినా, తడిసిన మేజోళ్లయినా చేరేది పొయ్యి పక్కకే. నైన్ వంటగది గుమ్మం చేరేసరికి ఆమె అగ్గిపుల్ల పెట్టె మీద ఆనించింది.

"గీయకండమ్మా," అన్నాడు గొంతు పెంచకుండా. "ఆ పుల్ల నాకివ్వండి."

ఆమె అయోమయంగా చూసి ఇచ్చేసింది. నైన్ బకెట్‌లో నీళ్లు తెచ్చి పళ్లెం నిండా మెల్లగా పోశాడు. నల్లటి బురద గట్టు మీదుగా కారింది.

తల్లీకొడుకుల్ని కిందికి దించేసరికి, శాటిన్ కబురుతో ముఠా నాయకుణ్ణి సగం తాగిన కాఫీ దగ్గరే పట్టుకున్నారు. బాంబు స్క్వాడ్ పైకి వెళ్లింది.

"నెల రోజుల కష్టం నీళ్లపాలు చేశాడమ్మా," అని గొణిగాడు మెకానిక్.

"ఛీ," అంది తల్లి. "నా చేత్తోనే నన్ను తగలబెట్టించేవాడివి. దానికి పాలిష్ అని పేరా? నీకు అన్నం పెట్టిన చేయిరా ఇది."

కొడుకుని జీపు ఎక్కించేదాకా ఆమె వాడి ముఖం చూడలేదు.

సాయంత్రం చీఫ్ రిపోర్టు తిరగేశాడు. "వాడిన పరికరం, బకెట్. అదేది? స్టోర్‌లో జమ చెయ్యలేదే?"

"పెద్దావిడ ఇవ్వనంది సార్. ఇల్లంతా కడుక్కోవాలట."