అంచు మీద నిప్పురవ్వలు

లోహపు బిళ్ళలు వేరుచేసే సార్టర్‌ని గోదాములోనే చంపేసి, క్రేన్ కొక్కెం ఊడి మీద పడిందని కాగితం రాసిపారేశారు. మర్నాడే ఆ ఖాళీలో కొత్త సార్టర్ చేరాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మొండి అంటారు. ఏడో తరగతిలో బడి మానేసి, పన్నెండేళ్ళు ఫౌండ్రీలో మాడినవాడు. గూఢచారి అయ్యాక కూడా కోటు వేసుకున్న ప్రతివాడూ అతన్ని టీ తెమ్మనే అంటాడు. అంతకంటే మంచి మారువేషం ఏముంటుంది?

చేరేముందు బ్రీఫింగ్ రెండు నిమిషాలే.

"నాలుగింటికి ఇంజన్ టెస్ట్," అన్నాడు చీఫ్. "లోపలి వాల్వ్ బిళ్ళకి ఒక ముఖం నికెల్, ఇంకో ముఖం ఉక్కు. మధ్యలో ఒకటి తగ్గుతూ, ఇంకొకటి పెరుగుతూ పోవాలి. మధ్యలో అతుకు ఉంటే వేడికి రెండుగా విడిపోయి ఇంజన్ పేలుతుంది. విదేశీ ముఠా నకిలీవి దూర్చిందని అనుమానం. అనుమానం మీద టెస్ట్ ఆపరు, రుజువు కావాలి. టెస్ట్ గదిలో పదకొండుమంది."

"అందులో మా తమ్ముడొకడు."

"అందుకే నిన్ను వెళ్ళొద్దన్నాను. వింటావా?"

"ఎప్పుడైనా విన్నానా సార్?"

చీఫ్ నిట్టూర్చి, ఆనిస్తే లోహం పేరు చెప్పే ఒక ఎక్స్-రే పెన్ను, టెస్ట్ గదితో నేరుగా మాట్లాడే రేడియో వాచీ ఇచ్చాడు. ముఠాలో మన మనిషి ఒకామె ఉందని చెప్పి, కోడ్ చెవిలో వేశాడు.

గోదాములో మూడు అరలు. ఒకే లోహం ఒకదాంట్లో, పొరలుగా అతికించినవి ఒకదాంట్లో, మెల్లగా మారేవి మూడోదాంట్లో. పరీక్షించి ముద్ర వేసేది లోహాల మీద డాక్టరేట్ చేసిన డాక్టరమ్మ. ఎర్రగౌను, నల్లకళ్ళద్దాలు, గుప్పుమనే సెంటు. ఇనుపరజను కూడా అయస్కాంతాన్ని వదిలేసి ఆవిడ వెంట పడేలా ఉంది.

"తాళం ఎక్కడ కొన్నారు?" అన్నాడు మొండి.

"తుప్పు పట్టాక చెప్తా." కోడ్ సరిపోయింది. ఆవిడ మూడో అరలోంచి ఒక బిళ్ళ తీసి ఇచ్చింది. "ఇంజన్‌లోకి వెళ్ళినదానికి జత ఇదే. చూసుకో."

పెన్ను ఇటు పెడితే నికెల్ అంది, అటు పెడితే ఉక్కు అంది. తూకం చుక్క తేడా లేదు. నాలుగుకి ఆరు నిమిషాలు.

మొండి బిళ్ళని అరచేతిలో తిప్పాడు. ముఖాలు చూసేవాళ్ళే అందరూ. అంచు ఎవడు చూశాడు? ముద్ర పడ్డ బిళ్ళ మీద గీత పడితే జైలని గోడకి బోర్డు. చదువుకున్నవాళ్ళంతా ఆ బోర్డుకి తలవంచి బతికేస్తున్నారు. అతను నేరుగా సానచక్రం దగ్గరికి నడిచాడు.

"ఏయ్! ఏం చదివావు నువ్వు?" డాక్టరమ్మ గొంతు మారింది.

"ఏడు. అదీ తప్పాను."

"దానిమీద నా ముద్ర ఉంది!"

"చూశానమ్మా. ముచ్చటగా ఉంది."

స్విచ్ నొక్కి, నికెల్ వైపు నుంచి అంచుని మెల్లగా జరిపాడు. నికెల్‌కి పొట్టి ఎర్రరవ్వలు, ఉక్కుకి పొడుగాటి చుక్కలపూలు. అసలు బిళ్ళయితే ఒకటి ఇంకోదాంట్లోకి మెల్లగా కలిసిపోవాలి. ఎర్రరవ్వలు, ఎర్రరవ్వలు... ఒక్కసారిగా పూలు! మధ్యలో ఏమీ లేదు.

అతుకు.

వెనక క్లిక్‌మంది. పిస్టల్.

"పాత సార్టరూ ఇంతే, చెప్తే వినలేదు," అంది డాక్టరమ్మ.

"మీరు మావైపన్నారే?"

"అందరూ అలాగే అనుకుంటారు. నాలుగు కొట్టేదాకా కదలకు."

కదలొద్దంటే కదలకుండా ఉండడం అతనికి పుట్టుకతో రాలేదు. గిరుక్కున తిరిగి, సానకి కాలిన బిళ్ళని ఆవిడ మణికట్టుకేసి విసిరాడు. పిస్టల్ నేలమీద దొర్లింది. దాన్ని కాలితో తొక్కిపట్టి వాచీలోకి అరిచాడు.

"ఆపండి! బిళ్ళకి అతుకుంది!"

నాలుగుకి రెండు సెకన్లు. వాచీలోంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"ఆపేశాం. అంత అరుపేంటి అన్నయ్యా, చేతిలో కాఫీ ఒలికిపోయింది!"

సంకెళ్ళతో డాక్టరమ్మ బయటికి నడిచాక, చీఫ్ గోడమీద బోర్డు చూశాడు, బిళ్ళమీద గీత చూశాడు.

"రూల్ తప్పావు. సంజాయిషీ రాసివ్వాలి."

"రాత నాకంతగా రాదు సార్. ముద్ర పడ్డది ఇంకోటుంటే ఇప్పించండి, మళ్ళీ తప్పి చూపిస్తా."