అందని మాట

వాన మొదలయ్యేసరికి థియేటర్లో టేపులమ్మ తప్ప ఎవరూ మిగల్లేదు. ఆ పేరు ఆమెకి కన్నవాళ్ళు పెట్టింది కాదు. సంగీత నాటక కంపెనీ పాత టేపులన్నీ దుమ్ము దులిపి, ఒక్కొక్కటీ వింటూ కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. రంగస్థలం కింద, మెట్లు దిగితే వచ్చే రికార్డుల గది ఆమె రాజ్యం. రంగు వెలిసిన పోస్టర్లు, ఫొటోల పెట్టెలు, ఎవరి తలకీ పట్టని కిరీటాలు, పై బల్లల సందుల్లోంచి రాలే దుమ్ము. ఆ రాజ్యంలో ప్రజలు ఎలుకలే అని నటులు ఆటపట్టించేవారు.

ఎవరేమన్నా ఆమెకి ఆ పని ప్రాణం. దానికి కారణం నాన్న.

నాన్న ఆ కంపెనీలో మాట అందించేవాడు. రంగస్థలం ముందంచున, నేలకి దిగువన, ఒక్క మనిషి పట్టే చెక్క గూడు ఉండేది. మెట్లు దిగి వెళ్తే దానికో చిన్న తలుపు, బయటివైపు గడియ. అందులో కూర్చుని ప్రతి చరణానికీ అర ఊపిరి ముందు మొదటి మాట గుసగుసగా పైకి వదలాలి. గాయకులు దాన్ని అందుకుని పాడతారు. రోజుకో నాటకం ఆడేవాళ్ళకి అన్ని పాటలూ ఏం గుర్తుంటాయి? మరీ తడబడితే ఎడమ చెవి తమ్మె ముట్టుకోవాలి. అది సైగ. అప్పుడు చరణం మొత్తం అందించాలి. ఆట అయ్యాక గూడు మీద మందపాటి మూత వేసేసేవారు.

అందరూ ఆయన్ని గుసగుస మాస్టారు అని పిలిచేవారు. మైకు సరిగ్గా ఆ గూడు పక్కనే ఉండేది కాబట్టి ఏ టేపు విన్నా ముందు నాన్న గుసగుస, దాని వెనక పాట. "ఎంత గొప్ప గొంతైనా మా నాన్న వెనకాలే నడవాలి" అని టేపులమ్మ మురిసిపోయేది. ఆ గూడు ఇప్పుడు కనిపించదు. లోపల ఎలుక చచ్చి కంపు కొడుతోందని నాన్నే ఒకప్పుడు దానికి చెక్కలు పెట్టి మేకులు కొట్టించాడు. ఆ చెక్కలే ఆమె గదికి చివరి గోడ.

ఒక్క టేపు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. పిన్ని ఆఖరిసారి పాడినది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. ఒకప్పుడు కంపెనీకి ప్రధాన గాయని. కొత్త నాటకం మొదటి ఆటలో, చివరి రంగంలో మాటలు మరిచిపోయి నిలబడిపోయిందట. జనం ఈలలు వేస్తే తట్టుకోలేక అటునుంచి అటే ఎటో వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఆమె వేషాలన్నీ అమ్మకి వచ్చాయి, అమ్మ పోయేదాకా అవి అమ్మవే. చిన్నప్పుడు టేపులమ్మ పెన్సిలు మరిచిపోయినా, గొడుగు మరిచిపోయినా "అచ్చం పిన్ని పోలిక" అనేవారు. గొంతు బాగుంది, పాట నేర్పించమని అడిగితే నాన్నే అడ్డుపడ్డాడు. "నీకు పిన్ని మరుపు వచ్చిందమ్మా. నలుగురిలో నవ్వులపాలవుతావు." ఆమె నమ్మింది. పాడటం మానేసింది.

మర్నాడు కంపెనీ చరిత్ర పుస్తకం అచ్చుకి వెళ్తుంది. అందులో పిన్ని గురించి ఒకే ఒక్క వాక్యం. "మాటలు మరిచి, కంపెనీని విడిచి వెళ్ళిపోయింది." నాన్న చెప్పగా రాసిన వాక్యం. అది ఉంచాలో తీసేయాలో తేల్చాల్సింది టేపులమ్మ. ఒక మనిషి బతుకంతా ఆ రెండు ముక్కల్లో పాతిపెట్టడానికి ఆమెకి చేతులు రావడం లేదు.

ఆ సాయంత్రమే, కిరీటాల పెట్టె అడుగున, గుడ్డలో చుట్టిన టేపు ఒకటి దొరికింది. మీద ఏమీ రాసిలేదు. యంత్రానికి తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

మొదట వట్టి బుస. ఖాళీ టేపు కాబోలని తీయబోతుంటే ఎవరో దగ్గారు. జనం. కుర్చీల కిర్రుకిర్రు. తర్వాత నాన్న పడుచు గొంతు మొదటి మాట అందించింది. దాని వెనకే పిన్ని.

అంత గొంతు ఆ కంపెనీలో ఇంకెవరికీ లేదు, అమ్మతో సహా. ఆమె తల తిప్పినప్పుడల్లా జుంకాల పూసలు సన్నగా గలగలమంటున్నాయి. గుసగుస, పాట. గుసగుస, పాట. వింటుంటే టేపులమ్మకి కళ్ళు చెమర్చాయి.

చివరి రంగం. వాద్యాలు ఎత్తుకున్నాయి. గుసగుస రాలేదు. వాద్యాలు అదే వరస మళ్ళీ తిప్పాయి. గలగల... పిన్ని చెవి తమ్మె ముట్టుకుంది. గుసగుస రాలేదు. మళ్ళీ గలగల...

"బావా..." పెదవి కదపనంత మెల్లగా అంది. "మాట... బావా, మాట."

గూట్లో మనిషి ఊపిరి స్పష్టంగా వినిపిస్తోంది. నాన్న అక్కడే ఉన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, నిదానంగా ఊపిరి పీలుస్తూ, ఊరుకున్నాడు.

టేపులమ్మకి అర్థమైంది. ఇది మరుపు కాదు. కంచే చేను మేసింది.

ఈలలు. అరుపులు. తెర పడింది. చెక్క మెట్లు దిగుతున్న అడుగులు... గలగల, గలగల. తలుపు తెరుచుకుంది. మూసుకుంది. గడియ పడిన చప్పుడు. ఆ తర్వాత బుస.

గదిలో వాసన మారింది. ముఖానికి రాసుకునే పాత పౌడరు, చెమట. చెక్కల గోడ వైపు నుంచి వస్తోంది. హెడ్‌ఫోన్లలో గుసగుస మళ్ళీ మొదలైంది. ఈసారి ఆడగొంతు.

"ఏమ్మా... ఇంకా అవలేదా?"

"ఏమ్మా, ఇంకా అవలేదా?" అన్నాడు నాన్న, గుమ్మంలో గొడుగు ముడుస్తూ.

వానొస్తే కూతుర్ని తీసుకెళ్ళడానికి వస్తాడాయన. ఎప్పటిలాగే వచ్చాడు. కానీ అదే మాట టేపులమ్మ చెవుల్లో ముందే పడింది. హెడ్‌ఫోన్లు తీయడానికి చెయ్యి లేవలేదు.

"నాన్నా, పిన్ని టేపు దొరికింది."

"అందులో ఏమీ లేదు... నేనే చెరిపాను..." గుసగుస.

"అందులో ఏమీ లేదు," అన్నాడు ముసలాయన, ముఖం పాలిపోతుంటే. "నేనే చెరిపాను."

"నువ్వు మాట అందించలేదు."

"లేదమ్మా, అదే మరిచి..." మాట అక్కడే ఆగిపోయింది. చెవుల్లో ఆడగొంతు, పిల్లలకి పాఠం చెప్పినంత ఓపిగ్గా, అందించింది. నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. నోరు ఆయన స్వాధీనంలో లేదు. "మాట నోట్లోనే ఉంది... మింగేశాను."

"ఎందుకు?"

"ఒక్క ఆట చెడితే... మీ అమ్మకి వేషం వస్తుందని."

"అమ్మకి తెలుసా?"

"అమ్మే అడిగింది."

ఆ మాట ముందు ఆడగొంతు అందో, నాన్న అన్నాడో టేపులమ్మకి తెలియలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. పిన్నిని మోసం చేశారు. ఆ మోసం దాచడానికి, కన్నకూతురి గొంతు కూడా నొక్కేశారు. ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. హెడ్‌ఫోన్లు ఊడబెరికి బల్ల మీద పడేసింది.

టేపు ఎప్పుడో అయిపోయింది. తెగిన కొస చక్రంతో తిరుగుతూ టపటప కొట్టుకుంటోంది.

గుసగుస మాత్రం ఆగలేదు. చెక్కల వెనక నుంచి వస్తోంది.

నాన్నకీ వినిపించింది. గొడుగు చేతిలోంచి జారిపోయింది.

"పిన్ని మెట్లు దిగి నీ దగ్గరికే వచ్చింది. గడియ ఎవరు వేశారు నాన్నా?"

"మెట్ల కింద నక్కాను... ఆమె గూట్లోకి వెళ్ళగానే వేశాను. నలుగురిలో నిలదీస్తుందని... కాసేపే అనుకున్నా. తెల్లారకుండానే కంపెనీ ఊళ్ళు తిరగడానికి బయల్దేరింది. సామాను, హడావిడి... నెలల తరబడి రాలేదు."

"గడియ తీయలేదా?"

"మరిచిపోలేదు..." గోడ వెనక గొంతు.

"మరిచిపోయాను," అన్నాడు నాన్న.

అందిన మాటకి అడ్డంగా ఆయన పలికింది అదొక్కటే. గుసగుస ఠక్కున ఆగిపోయింది.

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నోరు తెరుచుకుంది. మాట రాలేదు. పెదవులు ఆడించాడు. రాలేదు. చెయ్యి మెల్లగా లేచి ఎడమ చెవి తమ్మె ముట్టుకుంది. చెక్కల వైపు చూస్తూ నిలబడ్డాడు, మాట కోసం.

చెక్కల వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నిదానంగా... ఊరుకుని.

పుస్తకంలో ఆ వాక్యం మారింది. "ఆమె మరిచిపోలేదు. ఆమెకి మాట అందించలేదు." వడ్రంగి వచ్చి చెక్కలు పీకితే లోపల ఒక పీట, దాని మీద ఒక జుంకా తప్ప ఏమీ లేదు, ఒక్క ఎముక కూడా. జుంకా మీద దుమ్ము లేదు. నాన్నకి మాట పోయింది. గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. తన గదిలో కుర్చీలో కూర్చుని, రోజంతా చెవి తమ్మె ముట్టుకుంటూ ఉంటాడు.

టేపులమ్మ మళ్ళీ పాడటం మొదలుపెట్టింది. ఒక ఉదయం ఆయనకి మంచినీళ్ళు పెట్టి వచ్చి, గుమ్మం బయట, తలుపు రెక్క పట్టుకుని, పిన్ని నోట రాని ఆ చివరి చరణం పాడేసింది. పాడాక గాని తట్టలేదు, ఆ మాటలు తనకి ఎవరూ నేర్పలేదని. ఒక్కొక్క మాటా అర ఊపిరి ముందు ఎడమ చెవిలో పడింది. గదిలో నాన్న రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

చరణం అయిపోయింది. గుసగుస ఇంకో మాట అందించింది. అది పాటలోది కాదు.

"ఇక గడియ వెయ్యి..."

టేపులమ్మ చెయ్యి అప్పటికే గడియ మీద ఉంది.