ఆపరేషన్ వీధిగుమ్మం

రెండు వేల ఇరవై, ఏప్రిల్. గురువారం ఉదయం తొమ్మిదింపావు.

రోడ్డుకి అడ్డంగా పడేసిన ఉక్కు కంటైనర్ పక్కన తెల్లకారు ఆగి ఉంది. అద్దం మీద అత్యవసర సిబ్బంది స్టిక్కర్. ఆ స్టిక్కర్ ఉన్నవాళ్ళనే బెల్జియం, నెదర్లాండ్స్ మధ్య ఉద్యోగాలకి తిరగనిస్తున్నారు. డ్రైవరు స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. చెవి వెనక చిన్న రంధ్రం. వెనక సీట్లో ఉండాల్సిన మనిషి లేదు.

పది గంటలకి బ్రస్సెల్స్ నుంచి వానెస్ కోలెన్‌కి ఫోన్ వచ్చింది. బెల్జియం సీక్రెట్ సర్వీసులో అతని పై అధికారి, మడామ్ డ్యుప్రే.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"లాక్‌డౌన్‌లో నా పక్కన ఎవరుంటారు మేడమ్? చెప్పండి."

"విదేశీ ముఠా. ఒక సైంటిస్టుని ఎత్తుకుపోయారు. ఈ వైరస్‌కి మందు ఎలా చెయ్యాలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. పన్నెండింటికి వ్యాన్‌లో పోర్టుకి తరలిస్తారు. ఓడ ఎక్కిందంటే ఇక మనిషి దక్కదు."

"పేరు?"

"హేడ్విగ్ ఆర్ట్స్."

"నా మాజీ భార్య," అన్నాడు వానెస్.

"తెలుసు. ఆవిడ కాగితాల కోసం ఆవిడ ఇంటికే తీసుకొచ్చారు. మీ ఊళ్ళోనే ఉంది. సెర్చ్ వారంట్ పంపిస్తున్నా, ఆరుగురు కమాండోలనీ పంపిస్తున్నా. కానీ ఒక చిక్కుంది."

"ఆ చిక్కేంటో నాకు మీకన్నా బాగా తెలుసు మేడమ్."

సగం బెల్జియం, సగం నెదర్లాండ్స్ అయిన మా బార్లె ఊళ్ళో ఉండేవాడికి ఎవడికైనా తెలుసు. ఈ ఊరి సరిహద్దు గీసినవాడు ఎవడో గానీ వాడి చెయ్యి విరగ. వీధికి నాలుగుసార్లు దేశం మారుతుంది. మామూలు రోజుల్లో నవ్వుకుంటాం, టూరిస్టులకి చూపిస్తాం. ఈ మాయదారి రోగం వచ్చాక నవ్వు పోయింది. బట్టల కొట్లో చొక్కాలున్న సగం నెదర్లాండ్స్, కొనుక్కోవచ్చు. ప్యాంట్లున్న సగం బెల్జియం, అడ్డంగా టేపు కట్టేశారు. ఒకే వీధి వాళ్ళం, ఒకరినొకరు పోలీసులకి పట్టిస్తున్నాం.

ఇళ్ళకి మాత్రం వేరే పద్ధతి. సరిహద్దు గీత ఇంటి మధ్యలోంచి పోయినా సరే, వీధిగుమ్మం ఏ దేశంలో ఉంటే ఇల్లంతా ఆ దేశానిదే. హేడ్విగ్ ఇంటి గుమ్మం ఒకప్పుడు బెల్జియం వైపు ఉండేది. విడాకుల కాగితం అందిన వారానికే ఆమె అర్జీ పెట్టి, షెఫ్ అనే వడ్రంగిని పిలిచి, ఆ తలుపుకి తాళం వేయించి, నెదర్లాండ్స్ వైపు కొత్త గుమ్మం పెట్టించుకుంది. "ఇక నీ బ్యాడ్జి నా ఇంట్లో చెల్లదు," అని వానెస్ మొహాన చెప్పింది.

అదీ చిక్కు. బెల్జియం వారంట్‌తో నెదర్లాండ్స్ ఇంట్లోకి దూరితే సాయంత్రానికల్లా కోర్టు ముఠాని వదిలేస్తుంది. కమాండోలు అడుగు కూడా కదపరు.

పదీ నలభైకి వానెస్ ఆ ఇంటి ఎదుటి మేడ మీదున్నాడు. చేతిలో సీక్రెట్ సర్వీసు వాళ్ళ కొత్తరకం హీట్ కెమెరా. గోడ అవతల ఉన్న మనుషుల ఒంటివేడి తెరమీద ఎర్రగా కనిపిస్తుంది. కింద తిరుగుతున్నవి మూడు. పై గదిలో కుర్చీలో కదలకుండా ఒకటి. ఆ ఎర్రటి మచ్చ హేడ్విగ్ అని అతనికి చూడగానే తెలిసింది. విడిపోయి మూడేళ్ళయింది. అయినా ఆ కూర్చునే తీరు తెలియకుండా ఎలా ఉంటుంది?

వెనకాల మడమల చప్పుడు. మీటరున్నర దూరంలో ఆగింది ఒడీల్, నెదర్లాండ్స్ నుంచి డచ్ పోలీసుల తరఫున సమన్వయం కోసం వచ్చిన ఆఫీసర్. రోడ్లన్నీ నిర్మానుష్యంగా ఉన్న రోజుల్లో కూడా ఎర్ర లిప్‌స్టిక్, పట్టు స్కార్ఫ్. చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

"మా వారంట్ రెండింటికి గానీ రాదు," అంది ఒడీల్.

"పన్నెండింటికి వెళ్ళిపోతారు వాళ్ళు."

"అయితే నేనో దారి చెప్తాను. నేను పుట్టింది ఇక్కడే, చర్చి వెనక వీధిలో. అదిగో, రోడ్డు మీద తెల్ల ఇంటూ గుర్తులు చూడు. గీత అలా తిన్నగా ఇంట్లోకి పోతుంది. వంటగది మీ వైపుంది, అంటే బెల్జియం. వంటగది కిటికీలోంచి దూరు. ఎవడూ తప్పుపట్టలేడు."

వానెస్ ఆమె వంక చూడలేదు. ఇంట్లో గీత లెక్కేమిటి? ఆ తెల్ల గుర్తులు వీధి వరకే. ఇంటి విషయానికొస్తే చర్చి వెనక పుట్టిన పసివాడైనా గుమ్మం చూస్తాడు, గీత చూడడు. ఈమె ఈ ఊరి మనిషి కాదు.

"మంచి ఐడియా," అన్నాడు. "పావు తక్కువ పన్నెండుకి. వంటగది కిటికీ."

ఒడీల్ నవ్వి పక్కకి వెళ్ళి ఫోన్ నొక్కింది. రెండు నిమిషాల్లో కెమెరాలో మూడు ఎర్రమచ్చలూ వంటగదిలోకి చేరాయి, కిటికీకి అటూ ఇటూ. వానెస్ వెనక మెట్ల మీదుగా దిగి షెఫ్ షెడ్డుకి పరుగెత్తాడు.

"షెఫ్ బాబాయ్! హేడ్విగ్ ఇంటి గుమ్మం మళ్ళీ బెల్జియానికి మార్చాలి."

"ఎప్పటికి?"

"ఇంకో గంటలో."

"నీకు పిచ్చి గానీ పట్టిందా? రెండు మునిసిపాలిటీల సంతకాలు కావాలి. మూడు నెలలు తిప్పించుకుంటారు వెధవలు!"

"వాళ్ళని నేను తీసుకొస్తా. నువ్వు స్క్రూడ్రైవరు తీసుకురా."

పదకొండున్నరకి హేడ్విగ్ ఇంటి బయట నలుగురు మనుషులు క్రిమిసంహారక మందు కొడుతున్నారు. తలనుంచి కాలిదాకా తెల్ల సూట్లు, మూతికి మాస్కులు. ఆ రోజుల్లో అలాంటివాళ్ళని చూస్తే దొంగలైనా దూరం జరుగుతారు. నలుగురిలో ఒకడు వానెస్, ఒకడు షెఫ్. మిగతా ఇద్దరూ రెండు మునిసిపాలిటీల గుమాస్తాలు, జన్మలో ఒకరికొకరు నచ్చినవాళ్ళు కాదు.

"మీ రబ్బరు స్టాంపు తలకిందులుగా పడింది," అన్నాడు డచ్ గుమాస్తా.

"మీ సంతకం కన్నా నయంలే," అన్నాడు బెల్జియం గుమాస్తా.

"అక్కడ మనిషి ప్రాణం పోతోంది!" వానెస్ పళ్ళు కొరికాడు. "కానివ్వండి!"

షెఫ్ నంబరు పలక, గంట, ఉత్తరాల పెట్టె పీకి పాత తలుపుకి బిగించాడు. నూనె పోసి తాళం తీశాడు. మళ్ళీ కొత్త గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఒక ఇంటికి ఒకటే వీధిగుమ్మం. రెండోది మూసెయ్యకపోతే పర్మిషన్ చెల్లదు. నలభై ఏళ్ళుగా పని చేస్తున్నా, ఒక్క పనీ సగంలో వదల్లేదు."

పదకొండూ యాభై రెండు. స్టాంపు పడింది. ఇల్లు బెల్జియంలోకి వచ్చింది. సందు చివర కాచుకున్న కమాండోలు పాత తలుపులోంచి లోపలికి దూకారు.

మేడమీంచి అది చూసిన ఒడీల్ హెచ్చరించడానికి కిందికి పరుగెత్తుకొచ్చింది. కంగారులో తెల్ల గుర్తు దాటేసింది. వీధిలో మాత్రం గీతే లెక్క. ఆమె కాలు బెల్జియంలో పడగానే ఇద్దరు కమాండోలు రెక్కలు పట్టుకున్నారు.

వంటగదిలో కిటికీకి తుపాకులు గురిపెట్టి నిలబడ్డ ముగ్గురిలో ఇద్దరు వెనక్కి తిరిగేలోపే నేలమీదున్నారు. మూడోవాడు మెట్లెక్కి, హేడ్విగ్ మెడకి పిస్టల్ ఆనించి కిందికి ఈడ్చుకొచ్చాడు. కొత్త గుమ్మం అవతల, డచ్ వీధిలో, అప్పుడే వ్యాన్ వచ్చి ఆగింది. ఆ గడప దాటితే కమాండోలు ఏమీ చెయ్యలేరు. ఆ సంగతి వాడికీ తెలుసు.

"వెనక్కి పో!" అని అరిచాడు.

వానెస్ ఆగిపోయాడు. హేడ్విగ్ అతని కళ్ళలోకి చూసింది. అంత భయం ఆ కళ్ళలో అతను ఎన్నడూ చూడలేదు.

వాడు ఎడమచేత్తో తలుపు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. బయట షెఫ్ బిగించిన ఎనిమిది స్క్రూలు ఇంచి కూడా కదల్లేదు. ఏమైందా అని వాడు తల తిప్పిన ఆ క్షణం చాలింది. వానెస్ దెబ్బకి పిస్టల్ ఎగిరి పడింది, వెనకే వాడూ పడ్డాడు. చర్చిలో పన్నెండు గంటలు మోగాయి.

కట్లు విప్పగానే హేడ్విగ్ వెళ్ళి బిగిసిపోయిన కొత్త గుమ్మాన్ని లాగి చూసింది. ఆమెను దగ్గరికి తీసుకుందామని వానెస్‌కి ప్రాణం కొట్టుకుంది.

"నా గుమ్మం మార్చింది నువ్వేనా?" అంది ఆమె.

"నేనే."

"అడక్కుండానా?"

పడి ఉన్న వాడు గట్టిగా దగ్గాడు. కమాండోల వెంట వచ్చిన డాక్టరు థర్మామీటరు పెట్టి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. జ్వరం ముప్ఫై తొమ్మిదిన్నర డిగ్రీల సెల్సియస్. కాసేపటికి బ్రస్సెల్స్ నుంచి ఫోన్.

"శభాష్ వానెస్. కమాండోలని బ్యారక్‌లో విడిగా పెడతాం. నువ్వూ ఆవిడా మాత్రం ఆ ఇల్లు కదలకూడదు. బెల్జియం ఇల్లు కదా, మన రూలే. క్వారంటైన్, పధ్నాలుగు రోజులు."

వానెస్ ఆ మాట హేడ్విగ్‌కి చెప్పాడు. ఆమె కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"కాపురం చేసిన పదకొండేళ్ళలో వరసగా పధ్నాలుగు రోజులు ఎప్పుడైనా ఇంటిపట్టున ఉన్నావా నువ్వు?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏ శత్రువు ఎంత హింసించినా నోరు విప్పని ఏజెంట్ వానెస్ కోలెన్, ఆ ఒక్క ప్రశ్నకే 'లేదు' అని నిజం ఒప్పేసుకున్నాడు.