కుట్టని కాజా

కాజాలు కుట్టే అమ్మాయికి పొగరని కుట్టుషాపంతా అనుకునేది. పొద్దున ఆలస్యంగా వస్తుంది, వచ్చాక కూడా వెంటనే సూది పట్టదు, టీ గ్లాసు చేతికిస్తే బల్ల మీద పెట్టమంటుంది. కటింగ్ మాస్టరైతే ‘మహారాణి’ అని పేరే పెట్టాడు. పెట్టినవాడే మనసూ పారేసుకున్నాడు.

అసలు సంగతి, ఆమెకు కీళ్లవాతం. నిద్రలేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో పెట్టి, వంచీ చాచీ బతిమాలితే మధ్యాహ్నానికి గానీ దారికి రావు. ఈ వయసులో ముసలివాళ్ల జబ్బేమిటని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఒక వానపొద్దున మాస్టర్ తను కుట్టుకున్న చొక్కా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గుండె దగ్గర ఒక్క కాజా వదిలేశాడు. తనంటే ఇష్టమైతే టీ తాగొచ్చేలోపు అది కుట్టమన్నాడు, లేకపోతే అలాగే ఇచ్చేయమన్నాడు.

వానకు వేళ్లు మరీ మొండికేశాయి. సూది పదే పదే జారిపోయింది. అతను వచ్చేసరికి ఆమె చొక్కా మడిచి, తలెత్తకుండా ఇచ్చేసింది. సాయంత్రం దాకా ఆగమంటే సరిపోయేది. సిగ్గు అననివ్వలేదు. నెల తిరక్కుండా అతను వేరే షాపులో చేరిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు వెళ్లి ఓనరమ్మకు ఉన్నదంతా చెప్పుకుంది. ఆవిడ సూదిపని మధ్యాహ్నానికి మార్చి, పొద్దున గిరాకీలతో మాట్లాడే పని ఇచ్చింది. ఇంత తేలికైన దానికా అతన్ని పోగొట్టుకున్నానని ఆమె కుమిలిపోయింది.

రెండేళ్ల తర్వాత, మళ్లీ వానలోనే, షాపులో వదిలేసిన తన పెద్ద కత్తెర కోసం మాస్టర్ వచ్చాడు. ఆమె చేతులు వేడినీళ్ల గిన్నెలో ఉన్నాయి. ఏమైందని అడిగాడు. ఈసారి ఆమె దాచలేదు.

అతను వంగి, నీళ్లలోని ఆ వేళ్లకేసి చూశాడు.

“ఆ రోజే చెప్పొచ్చుగా.”

“నవ్వుతారనుకున్నాను మాస్టారూ.”

“నవ్వేవాణ్ణే. నవ్వి, నీళ్లు నేనే కాచిపెట్టేవాణ్ణి. రెండేళ్లు పాడుచేసుకున్నాం కదా, మహారాణీ.”

అతని ఒంటి మీద అదే చొక్కా. గుండె దగ్గర పిన్నీసు పెట్టుంది. ఆమె కళ్లు నిండిపోయాయి.

“ఇచ్చి వెళ్లండి. సాయంత్రం కుడతాను. పొద్దున నా వల్ల కాదు.”

“ఇచ్చేస్తే వానలో ఎలా పోను? సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాలే.”

స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. నీళ్లు చల్లారాయేమోనని గిన్నెలో వేలు పెట్టి చూశాడు.