దిగండి, ఆఖరి స్టాపు

ఆటోనగర్‌లో హనుమయ్య వేళ్ళకి తెలియని ఇనుము లేదు. కళ్ళకి గంతలు కట్టి అరచేతిలో ఒక నట్టు పెడితే చాలు, అది ఏ బండిదో, ఏ ఏడాదిదో, ఆ బండి ఓనరుకి షుగరుందో లేదో కూడా చెప్పేస్తాడని చెప్పుకునేవాళ్ళు. ఒకసారి మద్రాసు నుంచి పాతకార్ల పిచ్చాయన ఒకడు ఇత్తడి ముక్క పట్టుకొస్తే, ఈయన వాసన చూసి, "దీని జోడీ మీ ఇంట్లో అటక మీద ఉంటుంది, వెళ్ళి వెతుక్కోండి" అన్నాడట. ఉందట కూడాను! ఆయన ఆనందం పట్టలేక మద్రాసు నుంచి బెంజ్ సర్కిల్ దాకా మిఠాయి పంచుకుంటూ వచ్చాడట.

ఇప్పుడు గంతల అవసరమే లేదు. రెండు కళ్ళకీ శుక్లాలు పెరుగు మీద మీగడలా కమ్మేశాయి. మర్నాడు పొద్దున్నే ఆపరేషను. అందుకే కూతురు కీర్తన ఆ మధ్యాహ్నం కొత్త కారులో, ఎనిమిదేళ్ళ చిన్నిని వెంటేసుకుని, ఆమోసు పాతబళ్ళ యార్డుకి వచ్చి హారన్ కొట్టింది.

"నాన్నా, చాలు, లే! ఆ తుప్పు చేతుల్తో కళ్ళు నులుముకుంటావు. డాక్టరు గారు నన్ను తిడతారు."

"అయిదు నిమిషాలమ్మా. ఇది ఒక్కటి తేలిపోతే వచ్చేస్తా."

తేలాల్సింది ఒక కారు మొండెం. వేసవికి కాలవ కట్టేసి, కంకిపాడు దాటాక పూడిక తీస్తుంటే బయటపడింది. ఇంజను లేదు, నంబరు ప్లేటు లేదు. నాలుగు తలుపులూ, పైకెత్తేసిన అద్దాలూ మాత్రం చెక్కుచెదరలేదు. పోలీసులు అద్దాల్లోంచి చూశారు. లోపల పీకల్దాకా బురద తప్ప ఏమీ లేదన్నారు. తలుపులు తెరవడానికి ఆమోసు నలుగురు మనుషుల్నీ, రెండు గడ్డపారల్నీ, తనకి తెలిసిన బైబిలు కీర్తనలన్నిటినీ వాడాల్సొచ్చింది. తెరుచుకునేటప్పుడు నాలుగు ఇనప ముక్కలు రాలిపడ్డాయి. జానెడు కడ్డీ, చివర వంపు, వంపుకో కన్నం.

"ఏ కారువి బాబాయ్ ఇవి?" అన్నాడు ఆమోసు, గోనెసంచి ముందు కుమ్మరించి.

హనుమయ్య మొండెం చుట్టూ తిరుగుతూ తడిమాడు. బానెట్ అంచు, మడ్‌గార్డు గుండ్రం, తలుపు మడతబందు. ముసలావిడ మొహం తడిమి చుట్టాన్ని గుర్తుపట్టినట్టు నవ్వాడు.

"ల్యాండ్‌మాస్టర్ రా! అంబాసిడర్‌కి అమ్మమ్మ. డెబ్భై ఏళ్ళుంటాయి."

"మరి ఈ ముక్కలో?"

హనుమయ్య ఒకటి తీసుకుని తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలిక్కి రాసుకున్నాడు. ఆయన వేళ్ళు ఏమీ చెప్పలేదు. యాభై ఏళ్ళలో మొదటిసారి.

"ఇవి... ఈ కారువి కావు. అసలు కారువే కావు," అన్నాడు చిన్నబోతూ.

"పోనీలే బాబాయ్. రేపు కోయించేస్తాను."

ఆ యార్డులో బండిని కోసే ముందు ఒక పద్ధతుంది. ఆమోసు తాత కాలం నుంచీ ఉంది. నాలుగు తలుపులూ తెరిచి, పైన చేత్తో మూడుసార్లు చరిచి, బస్సు కండక్టరులా కేకేయాలి. లోపల ఎవరైనా మిగిలిపోయి ఉంటే దిగిపోతారని. ఒకటే షరతు. ఆ సమయంలో చుట్టుపక్కల ఇంకో బండి తలుపు తెరిచి ఉండకూడదు. దిగినవాళ్ళు నడిచే పోవాలి.

ఇది చిన్నికి మహా సరదా. అమ్మ కారులో ఫోన్ మాట్లాడుతుంటే పరుగెత్తుకొచ్చి తాత పంచె పట్టుకుంది.

"తాతయ్యా, కేకెయ్యవా? ప్లీజ్! మళ్ళీ నీకు కట్టు కట్టేస్తారుగా."

"రేపు ఆమోసు మావయ్య వేస్తాడులే."

"ఆయనది పిల్లి గొంతు. నువ్వెయ్యి."

హనుమయ్య ఉబ్బిపోయాడు. ఆమోసు అప్పటికే దూరంగా ఉన్నాడు. గాలివాన ముంచుకొస్తుంటే వెల్డింగు మిషను మీద పరదా కప్పుతున్నాడు. ఆకాశం మూడు గంటలకే అమావాస్యలా అయిపోయింది.

"మీ అమ్మ కారు తలుపులు మూసున్నాయా?"

"ఆ," అంది చిన్ని, వెనక్కి తిరిగి చూడకుండానే.

ఆయన మొండెం పైన మూడుసార్లు చరిచాడు. "దిగండి, దిగండి! ఆఖరి స్టాపు! బండి ముందుకు పోదు!"

చిన్ని కిలకిలా నవ్వి చప్పట్లు కొట్టింది. కొబ్బరికాయంత చినుకొకటి నెత్తిన పడితే కెవ్వుమని కారు వైపు పరుగెత్తింది.

హనుమయ్య ఒక్కడే మిగిలాడు. గాలి ఆగింది. పక్క షెడ్డులో రేకులు కొట్టే చప్పుడు కూడా ఆగింది.

కిర్ర్...

మొండెం కింద స్ప్రింగుల కమాను కట్టలు మూలిగాయి. తుప్పుకి రాయైపోయిన కమాన్లవి. ఏనుగెక్కినా కదలవు. కానీ బండి ఒక పక్క కాస్త పైకి లేచింది. మనిషి దిగితే లేచినట్టు.

కిర్ర్... ఇంకొకరు.

కాలవ బురద వాసన. కుళ్ళిన తూటికాడ వాసన. దాని వెనకే... కొబ్బరినూనె. అప్పుడే దువ్విన జడది.

మూడు.

నాలుగు.

ఆయన పక్కనుంచి చల్లగా ఏదో దాటిపోయింది. పంచె అంచు తడిసింది. వాన ఇంకా పట్టుకోనేలేదు.

చేతిలో ఆ కడ్డీ ఉంది. వేళ్ళు వాటంతటవే తలుపు బయటి అంచున వెతికాయి. అక్కడో కన్నం. కడ్డీ అందులో ఒదిగింది. హాయిగా... ఇంట్లో దొడ్డితలుపు గడియలా.

గడియే. నాలుగు తలుపులకీ... బయటినుంచి.

"చిన్నీ!"

పరుగెత్తాడు. ఎదురుగా తెల్లటి మసకలో కీర్తన కారు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. కారు ఒకసారి కిందికి కుంగింది. మళ్ళీ కుంగింది. మళ్ళీ... మళ్ళీ.

తలుపు ధన్‌మని మూసుకుంది.

"తలుపు అంత గట్టిగా వెయ్యొద్దని చెప్పానా?" అంటోంది కీర్తన.

"నేను వెయ్యలేదమ్మా."

ఇంజను మొదలైంది. టింగ్... టింగ్... టింగ్...

"బెల్టు పెట్టుకోవే చిన్నీ. మోగుతోంది."

"పెట్టుకున్నా! అటుపక్కా ఇటుపక్కా మోగుతోంది. నీ పక్కన కూడా."

"అక్కడ ఎవరున్నారే మోగడానికి?"

"దిగండి!" హనుమయ్య గొంతు చీలింది. "కీర్తనా, పిల్లని దింపు! దిగండమ్మా!"

"ఏంటి నాన్నా, వానొస్తుంటే... నువ్వెక్కు ముందు."

అద్దాలు సర్రున పైకి లేచాయి. కీర్తన మాట సగంలో తెగిపోయింది. ఆయన కారు మీద పడ్డాడు. పైన చేత్తో చరిచాడు. ఒకటి, రెండు, మూడు.

"దిగండి! ఆఖరి స్టాపు! బండి... బండి ముందుకు పోదు!"

లోపల టింగ్‌మనడం ఆగింది.

క్లిక్.

క్లిక్.

క్లిక్.

మూడు బెల్టులు. దిగింది నలుగురు.

ఆయన హ్యాండిల్ పట్టుకుని లాగాడు. రాలేదు. అంచు పట్టుకుని లాగాడు. నున్నటి కొత్త రంగు మీద గరుకుగా ఏదో తగిలింది. జానెడు కడ్డీ. చివర వంపు, వంపుకో కన్నం. ఈసారి వేళ్ళు క్షణంలో చెప్పేశాయి.

రెండు చేతులా పట్టి లాగాడు. గోళ్ళు లేచిపోయాయి. డెబ్భై ఏళ్ళ తుప్పు... కదల్లేదు.

"ఆమోసూ! గడ్డపార తేరా!"

వాన ఒక్కసారి విరుచుకుపడింది. ఆ హోరులో ఎవరు వింటారు? కారు ఆయన్ని ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, మెల్లగా వదిలించుకుంది. గేటు దగ్గర ఆగింది. పద్ధతిగా కుడివైపు లైటు వేసింది. కంకిపాడు కాలవ వైపు.

మసక కళ్ళకి ఆ ఒక్క క్షణం అన్నీ తేటగా కనిపించాయి. వెనక అద్దానికి రెండు చిన్న అరచేతులు. ముందు పక్క అద్దానికి కీర్తన అరచేతులు, రెండూ, బాదుతున్నాయి.

స్టీరింగు మెల్లగా కుడికి తిరిగింది.