జంటలో రెండో విమానం

"దీన్ని గుర్తుపట్టగలరా?" అంది గూఢచార శాఖ అధికారి ఫ్రౌ ఆలర్స్.

బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద ఒక బొమ్మ విమానాన్ని పడుకోబెట్టారు. ఎడమ రెక్క విరిగింది. పసుపు పట్టుబట్ట చీలికలై వేలాడుతోంది. ముక్కుకి ఇంకా చెట్టు జిగురు అంటుకునే ఉంది.

ఆర్నో రౌష్ కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఫుల్డాలోని ఆ ఆఫీసుకి బయట 'వ్యవసాయ బీమా' అని బోర్డు ఉంటుంది. లిఫ్టు ఉండదు. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళకి ఆ మెట్లెక్కడమే ఒక ఆపరేషన్.

"ఎక్కడిది?"

"తూర్పు సరిహద్దు కంచెకి ఇవతల, అడవిలో. గాలివాన వెలిశాక ఫారెస్టు గార్డు చెట్టు మీంచి దించాడు. మోడల్ పాతది, లోపల రేడియో రిసీవర్ మాత్రం కొత్తది. అవతలి వాళ్ళ పనే. ఎవరు చేశారు, ఎవరి చేతికి వెళ్ళింది, దేనికి వాడుతున్నారు, ఇదీ మీ అసైన్‌మెంట్. కోడ్ పేరు కొంగ."

"ఇది కొంగలా లేదు మేడమ్."

"కోడ్ పేర్లు పైవాళ్ళు పెడతారు. ఇక్కడ కాఫీ కూడా నా ఇష్టప్రకారం రాదు."

"నేనే ఎందుకు?"

"కుర్రతనంలో ఇలాంటివి ఎగరేసింది ఈ శాఖలో మీరొక్కరే. పైగా ఖాళీగా ఉన్నారు."

ఆర్నో ఖాళీగా లేడు, అలసిపోయి ఉన్నాడు. ఆ రెండింటికీ తేడా శాఖకి ఏనాడూ తెలియలేదు. దొంగ పాస్‌పోర్టులు, అంటించుకున్న మీసాలు, సిగరెట్ లైటర్లో కెమెరాలు, వియన్నాలో వానలో నిలబడ్డ రాత్రులు, అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఎవరైనా చేయి చాస్తే కరచాలనానికో పిస్తోలుకో తేల్చుకునే ఓపిక కూడా లేదు.

"ఎగిరేలా బాగుచేస్తాను. ఎగిరితే గాని ఇది ఏ పనికి పుట్టిందో తెలియదు," అన్నాడు.

ఇంటి వెనక గారేజీలో చిరిగిన పట్టుబట్ట ఒలిచాడు. పాత వార్నిష్ వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలింది. చాన్నాళ్ళ తర్వాత చేతులు తమంతట తాము పని వెతుక్కున్నాయి. రెక్క పక్కటెముకలు పాప్లర్ ప్లైవుడ్‌వి. అంటే యుద్ధం తర్వాత, తేలికైన బాల్సా చెక్క దొరకని రోజుల్లో కోసినవి. కత్తి వాలు అన్ని చోట్లా తిరగబడి ఉంది, చేసినవాడిది ఎడమచేతి వాటం. తోక కింద దిమ్మ చూశాక అనుమానమే లేదు. చర్చి ఆర్గన్ గొట్టాల చెక్కతో తోక దిమ్మలు చేసే మనిషి ఆ కొండల్లో ఒక్కడే.

ఒట్టోకర్ బ్రెమ్ గెర్స్‌ఫెల్డ్‌లో ఇంకా బతికే ఉన్నాడు. ఆర్నోకి విమానాలు చేయడం నేర్పింది ఆయనే.

"ఏ వెధవరా దీని రెక్క విరగ్గొట్టింది?" అన్నాడు ముసలాయన గుమ్మంలోనే.

"తెలిస్తే మీ దగ్గరికెందుకు వస్తాను మాస్టారూ? ఇది మీ చేతి పనే కదా?"

"కాకపోతే మీ తాత చేశాడా? యాభై నాలుగులో జంటగా చేశాను. ఇది పసుపు, రెండోది ఎరుపు. పోయిన చలికాలం ఒకావిడ వచ్చి రెండూ కొనుక్కుపోయింది. మ్యూజియానికట."

"ఎలా ఉంటుంది?"

ముసలాయన కళ్ళు మెరిశాయి. "నేను బేరం ఆడటం మర్చిపోయాను. అలా ఉంటుంది. బొచ్చు కాలర్ కోటు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు."

ఆ గాటు వియన్నాలో ఆర్నో ఎదుటే పడింది. సిబిలా. అవతలి వాళ్ళ దగ్గర ఉద్యోగం, ఇవతలి వాళ్ళకి సమాచారం. ఆమెని శాఖలోకి తెచ్చింది ఆర్నోనే. విమానాల సంగతి ఆమె ఇంతవరకూ శాఖకి చెప్పలేదు.

రెక్క అతికి, కొత్త పట్టు కప్పి, వార్నిష్ ఆరేదాకా ఆగి, విమానాన్ని వేళ్ళ మీద నిలబెట్టి తూకం చూశాడు. ఉండాల్సినదానికంటే చాలా బరువుంది. అయినా అటూ ఇటూ ఒరగలేదు. సరిగ్గా తూకం నిలిచే చోట, పొట్టలో, ఫెల్టు గుడ్డ చుట్టిన సీసం దిమ్మ బయటపడింది. కెమెరా పెట్టేవాడు లెన్సు అద్దానికి దారి వదులుతాడు. ఇక్కడ అదీ లేదు. ఎంత బరువు మోయాలో అంత సీసం పెట్టి ఎగరడం అలవాటు చేశారంతే. పసుపుది సాధనకి. అసలు పని ఎరుపుది.

ఊరి బయట ఎగరేసి చూశాడు. చుక్కాని తిప్పితే వెంటనే వినలేదు. ఊపిరి పీల్చి వదిలేంతసేపు బద్ధకంగా ఆలోచించి, అప్పుడు తిరిగింది. తన ఈడుదే, అనుకున్నాడు.

ఆ సాయంత్రమే సిబిలా గారేజీ తలుపు తోసుకుని వచ్చింది. అదే బొచ్చు కాలర్. కళ్ళ కింద మాత్రం పౌడర్ దాచలేని నలుపు.

"బాగా చేశావు," అంది రెక్క నిమురుతూ.

"రెండోది ఎక్కడ సిబిలా?"

"ఆదివారం కొండ మీదికి రాకు, ఆర్నో. జలుబు చేసిందని చెప్పు."

"ఎవరి కోసం?"

"మా అమ్మ ఇంకా అవతలే ఉంది. అంతకంటే అడక్కు." తలుపు దగ్గర ఆగింది. "నువ్వు ముసలాడివైపోయావు."

"నువ్వూ ఏం తక్కువ కాదులే."

ఆదివారం అనగానే అర్థమైంది. వాసర్‌కుప్పె కొండ మీద పాత మోడల్ విమానాల మేళా. బహుమతులిచ్చేది ప్రొఫెసర్ లోటార్ కెసిన్. క్షిపణుల లెక్కలు బుర్రలో పెట్టుకుని నిరుడే కంచె దాటి వచ్చినవాడు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా బొమ్మ విమానాలు.

"మేళా ఆపించండి," అన్నాడు ఫ్రౌ ఆలర్స్‌తో.

"ఆపిస్తే ఇంకో రోజు చూసుకుంటారు. ఇప్పుడైతే కనీసం రోజు తెలుసు."

"ప్రొఫెసర్‌కి చెప్పారా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "చెబితే వస్తాడా?"

మనిషిని ఎరగా కట్టడం ఆర్నోకి కొత్త కాదు. కొత్త కాకపోవడమే అతన్ని తినేస్తోంది.

ఆదివారం కొండ మీద ఎండ కాసింది. దుప్పట్లు పరుచుకుని కుటుంబాలు, బీరు పీపాలు, సాసేజ్‌ల పొగ. ఆర్నో గడ్డం అంటించుకుని, కాసెల్ నుంచి వచ్చిన మరమ్మతు పనివాడిలా పసుపు విమానం చంకన, దాన్ని నడిపే ట్రాన్స్‌మిటర్ మెడలో పెట్టుకుని తిరిగాడు. గడ్డం దురద పెడుతోంది. సాసేజ్‌లు కాల్చేవాడు శాఖ మనిషే.

"తియ్య ఆవ ముద్ద ఉందా?"

"కారంది మాత్రమే." అంటే ఎరుపు విమానం ఎవరికీ కనిపించలేదు.

అక్కడో నియమం ఉంది. రెండు ట్రాన్స్‌మిటర్లు ఒకే చానల్ మీద పలికితే విమానానికి పిచ్చెక్కుతుంది. అందుకని బోర్డుకి చానల్‌కొక చెక్క క్లిప్పు తగిలిస్తారు. క్లిప్పు తీసుకున్నవాడే ఆ చానల్ వాడాలి. ఆర్నో తన రిసీవర్ చానల్ కోసం చూశాడు. క్లిప్పు లేదు. జంటకి ఒకే చానల్ పెట్టినట్టున్నారు. అంటే ఎరుపుది ఇప్పుడే లేవబోతోంది.

తలెత్తాడు. పై గట్టు మీద ఒంటరిగా ఒకడు, చేతుల్లో ట్రాన్స్‌మిటర్. వాడి వెనక నుంచి ఎర్రటి విమానం లేచింది. కింద పచ్చికలో ప్రొఫెసర్ టోపీ చేత్తో పట్టుకుని నవ్వుతూ పైకి చూస్తున్నాడు. పక్కనున్న సిబిలా గట్టు మీదివాడికి గుర్తుగా ఆయన కాలర్ సరిచేసి, మెల్లగా వెనక్కి అడుగులు వేసింది.

కేకేసి లాభం లేదు. బ్యాండు మోగుతోంది. ఆర్నో పసుపు విమానాన్ని గడ్డిలో వదిలేసి, ట్రాన్స్‌మిటర్ ఏంటెన్నా లాగుతూ వాలులో పరుగెత్తాడు. మోకాళ్ళు బూతులు తిట్టాయి. ఒకే చానల్ మీద ఇద్దరుంటే దగ్గరున్నవాడి మాటే విమానం వింటుంది. వాడికంటే దగ్గరికి వెళ్ళాలి, అంతే.

ఎరుపుది ముక్కు దించింది. ఆర్నో ప్రొఫెసర్‌కి ముందు నిలబడి స్విచ్ వేశాడు. విమానం జ్వరం వచ్చినట్టు వణికింది. చుక్కాని ఎడమకి తిప్పాడు. తిరగలేదు. ముక్కు పెద్దదవుతోంది. ఇంజన్ చప్పుడు పళ్ళలోకి దిగుతోంది. ఎవరైనా ఈపాటికి కంగారుగా రెండోవైపు తిప్పేసేవాళ్ళు. పసుపుది నేర్పిన బద్ధకం గుర్తుంది గనక ఆర్నో అలాగే పట్టుకుని ఊపిరి వదిలాడు.

విమానం ఆలోచించుకుంది. ఆనక ఒరిగి, ప్రొఫెసర్ టోపీని గాలికి ఎగరగొట్టి, వాలు దిగువన పాడుబడ్డ రాళ్ళ క్వారీలోకి దూకింది. పొట్టలో మందు పేలి కొండ అదిరింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. జనం బాణాసంచా అనుకుని చప్పట్లు కొట్టారు.

గట్టు మీదివాణ్ణి సాసేజ్‌ల మనిషి పట్టుకున్నాడు. సిబిలా పారిపోలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆర్నో పక్కనే గడ్డిలో చతికిలబడి గడ్డం పీకేశాడు.

"రావద్దన్నాను కదా," అంది.

"అందుకే వచ్చాను. మీ అమ్మ సంగతి పైవాళ్ళని నేను అడుగుతాను. మాట ఇవ్వలేను."

"ఇచ్చినా నమ్మను," అంది. కానీ శాఖవాళ్ళు తీసుకెళ్ళేదాకా అతని భుజం మీంచి చేయి తీయలేదు.

ఫ్రౌ ఆలర్స్ వచ్చి అడిగింది. "ఇంతకీ ఆమె ఎవరి వైపు?"

"వాళ్ళమ్మ వైపు, మేడమ్. అది మన ఫైళ్ళలో లేని దేశం."

ఆమె వెళ్ళాక మైదానం కాపలాదారు నుస్లైన్ ఒగరుస్తూ వచ్చాడు. జరిగింది ఆయనకేమీ తెలియదు. తెలిసినా పట్టించుకునే రకం కాదు.

"క్లిప్పు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేశారు మీరు. మీ వల్ల ఒక పాత విమానం నాశనమైంది. ఏడాదిపాటు ఈ కొండ మీద మీకు నిషేధం. ఇంకే పనీ పెట్టుకోకుండా ఇంట్లో కూర్చోండి."

ఆర్నో గడ్డి దులుపుకుని లేచాడు. శాఖలో ఇన్నేళ్ళలో ఇంత మంచి ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేదు.

"అయ్యా," అన్నాడు, "దాన్ని రెండేళ్ళు చేయడానికి వీలవుతుందా?"